ఫెజ్ నగరంలో ఒక లోగిలి

తెలుగు పల్లెలో పుట్టి పెరిగినవానికి ఇల్లు అనగానే ముందుగా జ్ఞప్తికి వచ్చేది వీధి అరుగు. ఇంటికి వచ్చినవాడు లోపలికి వచ్చినా రాకపోయినా ఆ అరుగుమీద కాసేపు కూర్చుంటాడు. దారినపోయే బాటసారి మూట దించి అలుపు తీర్చుకుంటాడు. ఇంటి యజమాని ఎంతటివాడో, ఎట్టివాడో, ఆ అరుగును, గడపను, ద్వారబంధం మీది చెక్కడపు పనిని చూచి ఊరివారు లెక్క కట్టుకుంటారు. మన ఇల్లు ముందు వీధితో మాట్లాడి, ఆ తరువాతనే తనవారితో మాట్లాడుతుంది.

అట్టి అలవాటులో పెరిగిన నేను, ఆ మధ్య ఒక చైత్రమాసపు సాయంకాలం, మొరాకో దేశంలోని ఫెజ్ నగరంలో, ఒక సందు మధ్య చేతిపెట్టెతో నిలబడి, మేము దిగవలసిన ఇల్లు ఏదో తెలియక దిక్కులు చూచినాను. రెండు వైపులా మూడు అంతస్తుల ఎత్తున మట్టిరంగు గోడలు. వాటికి కిటికీలు లేవు. ఉన్న ఒకటి రెండు గవాక్షాలు మనిషి తలకు అందని ఎత్తులో ఉన్నవి. అరుగు లేదు, ముంగిలి లేదు. చేతులు చాచితే రెండు గోడలూ తగులుతాయి. మాకు దారి చూపుతూ వచ్చిన కుర్రవాడు ఒక పాత తలుపు ముందు ఆగి "ఇదే" అన్నాడు. "ఇదేదో ధాన్యపు కొట్టులా ఉన్నదండీ! మన పెట్టెలు ఇందులో పడవేసి మనల్ని ఇంకెక్కడికైనా తీసుకుపోతాడేమో" అని మా ఆవిడ నా చెవిలో అన్నది. నిజం చెప్పవలెనంటే నాకూ అదే అనుమానం కలిగినది.

ఆ తలుపు వెనుక మేము నాలుగు రాత్రులు గడిపినాము. అక్కడ చూచినదానిని గూర్చి, చూడకుండా వెనుదిరిగినదానిని గూర్చి నాలుగు మాటలు పాఠకులకు చెప్పవలెనని ఈ ప్రయత్నం.

మా అమ్మాయి ఉద్యోగరీత్యా స్పెయిన్ దేశంలో ఉన్నది. ఆమెను చూడబోయినవారము, అంతదూరం పోయి ఆఫ్రికా ఖండం మీద అడుగు పెట్టకుండా రావటం ఎందుకని జిబ్రాల్టర్ జలసంధి దాటినాము. ఆ జలసంధి మిక్కిలి ఇరుకైన చోట 14 కిలోమీటర్లే. ఓడ దిగి టాంజియరులో రైలు ఎక్కి, నడుమ ఒకచోట బండి మారి, ఫెజ్ చేరినాము. పాత పట్టణపు పడమటి వాకిలి పేరు బాబ్ బూజెలూద్. 1913లో కట్టిన ఆ ద్వారానికి వెలుపలివైపు నీలపు పలకలు, లోపలివైపు ఆకుపచ్చ పలకలు పొదిగినారు. దానిని దాటినంతనే మోటారు బండ్ల రాజ్యం ముగుస్తుంది. అక్కడినుండి సరుకు మోసేవి కంచరగాడిదలు, తోపుడు బండ్లు, మనుష్యుల వీపులు. వెనుకనుండి "బాలక్! బాలక్!" అని కేక వినబడితే "తప్పుకో" అని అర్థం. భాష రాకపోయినా ఆ ఒక్కమాట మొదటి గంటలోనే వచ్చితీరుతుంది. రానివానికి గాడిదయే నేర్పుతుంది.

ఈ నగరానికి పన్నెండు శతాబ్దాల వయస్సు. 789లో మొదటి ఇద్రీస్ నది కుడిగట్టున దీనికి పునాది వేసినాడు. ఆయన కుమారుడు రెండవ ఇద్రీస్ 809 ప్రాంతంలో ఎడమగట్టున మరొక ఊరు నిలిపినాడు. 818లో స్పెయిన్‌లోని కోర్డోబాలో రాజు మీద తిరుగుబాటు చేసి దేశభ్రష్టులైనవారు కుడిగట్టున కాపురాలు పెట్టినారు. ట్యునీసియాలోని కైరవాన్ నుండి వచ్చినవారు ఎడమగట్టున స్థిరపడినారు. ఆ కైరవాన్ కుటుంబాలలోని ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ తనకు వారసత్వంగా సంక్రమించిన ధనంతో 859లో ఒక మసీదు కట్టించినదని పరంపరగా చెప్పుకుంటారు. అదే పెరిగి పెరిగి ఖరవీయీన్ విద్యాపీఠమైనది. అనగా ఈ ఊరు ఇల్లు పోగొట్టుకున్నవారు కట్టుకున్న ఊరు. ఐక్యరాజ్య సమితి విద్యా సాంస్కృతిక సంస్థ 1981లో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది.

మన దేశానికీ ఈ ఊరికీ ఒక చిన్న బంధుత్వం కూడా ఉన్నది. టాంజియరులో 1304లో పుట్టిన ఇబ్న్ బతూతా లోకమంతా తిరిగి, ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో న్యాయాధికారిగా ఉండి, కడకు స్వదేశం చేరినాడు. అప్పుడు ఫెజ్‌లో రాజ్యం చేస్తున్న అబూ ఇనాన్ ఆజ్ఞమీద తన యాత్రలన్నీ ఒక లేఖకునికి చెప్పి వ్రాయించినాడు. ఆ రచన 1355లో ముగిసినది. తుగ్లక్ యువరాజుగా ఉన్నప్పుడు తండ్రి పంపగా "తిలింగ్" దేశం మీదికి దండెత్తి పోయిన కథ అందులో ఉన్నది. ఆ తిలింగ్ మన తెలుగునేలయే. ఓరుగల్లు మీద జరిగిన దండయాత్ర మాట ఈ సందుల నడుమ ఏ ఇంటిలోనో కూర్చుని ఒకడు చెప్పగా ఇంకొకడు వ్రాసుకున్నాడు గదా అని తలచుకుంటే, ఆ పరాయి గోడలు కొంచెం దగ్గరివిగా తోచినవి.

ఇక తలుపు మాట. దానికి రెండు ఇనుప కడియాలు ఉన్నవి. పెద్ద తలుపు మీద ఒకటి. ఆ తలుపులోనే అమర్చిన చిన్న దిడ్డి తలుపు మీద రెండవది. పూర్వం ఇంటివారు చిన్నదానిని, కొత్తవారు పెద్దదానిని కొట్టేవారట. రెండింటి చప్పుడు వేరు. వచ్చినది తనవాడో పరాయివాడో తలుపు తీయకముందే లోపలి ఆడవారికి తెలిసేది. మా కుర్రవాడు పెద్ద కడియాన్ని కొట్టినాడు.

తలుపు తెరచుకున్నది. లోపల చీకటి నడవ. పది అడుగులు వేయగానే గోడ అడ్డం వచ్చి దారి ఎడమకు తిరిగినది. మరి నాలుగు అడుగులకు మళ్లీ కుడికి. వాకిలి తెరచియున్నా వీధినపోయేవాని చూపు లోపలికి పడకుండా చేసిన ఏర్పాటు అది. ఆ రెండవ మలుపు తిరగగానే ఆకాశం కనబడినది.

మా ఆవిడ ఒక్క నిమిషం మాట్లాడలేదు. తరువాత మెల్లగా "మండువా!" అన్నది.

నిజమే. నాలుగు వైపులా ఇల్లు, నడుమ ఆకాశానికి తెరచిన చదరం. మన మండువా లోగిలికి టేకు స్తంభాలు, గూన పెంకులు. వాననీరు నాలుగు చూరులనుండి నడిమి పల్లంలోకి దూకుతుంది. ఇక్కడ పెంకులు లేవు. మూడంతస్తుల గోడలు నిలువునా పైకి పోయినవి. కాని ఇంటిని లోపలికి తిప్పి నిలిపిన ఆ ఊహ ఒక్కటే. ఆ నడిమి చోటును వారు "వస్త్ అద్దార్" అంటారు. వస్త్ అనగా నడుమ, దార్ అనగా ఇల్లు. మన నట్టిల్లు అనే మాటకు ఇంతకంటె సరియైన అరబ్బీ మాటను ఏ నిఘంటుకారుడు కూర్చగలడు?

యజమాని యాభై ఏండ్లవాడు. నేను తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణని తెలిసిన క్షణంనుండి నన్ను "ఉస్తాద్" అని, మా ఆవిడను "లల్లా" అని పిలిచినాడు. ముందు తేనీరు, ఆ తరువాతనే పోలీసువారికి ఇవ్వవలసిన కాగితాలు. చైనా నుండి వచ్చే పచ్చతేయాకులో గుప్పెడు తాజా పుదీనా, దానికి తగినంతకు మించిన పంచదార వేసి, వెండిరంగు కూజాతో మూరెడు ఎత్తునుండి చిన్న గాజుగ్లాసులలోకి ధారగా పోసినాడు. నురుగు లేని తేనీరు అతిథికి ఇవ్వటం మర్యాద కాదట.

నడిమి చోటులో, నేలలో విడిచిన చదరపు మడిలో ఒక చెట్టు ఉన్నది. పూతమీద ఉన్నది, ఇల్లంతా ఆ వాసనయే. "ఏమి చెట్టు?" అని అడిగితే "లారంజ్" అన్నాడు. అది మన నారింజయే. పులుపూ చేదూ కలిసిన ఆ కాయను వారు తినేది తక్కువ. పూవును బట్టీపెట్టి పన్నీరువంటి సుగంధజలం తీస్తారు. నారింజ అనే మాట ద్రావిడ భాషలలో పుట్టి, సంస్కృతంలో నారంగమై, పారశీకం మీదుగా అరబ్బీలోకి, అక్కడినుండి స్పెయిన్‌కు పోయినదని భాషావేత్తలు చెబుతారు. ఆ రాత్రి భోజనంలో వంకాయను కాల్చి, తక్కాళీతో మెదిపి, వెల్లుల్లి, జీలకర్ర తగిలించిన పచ్చడి వడ్డించినారు. దాని పేరు జాలూక్. వంకాయకు వారి మాట అయిన "బాదింజాన్" కూడ ఆ త్రోవనే పోయినదట. మన పెరటి మాటలు రెండు మనకంటె ఎంతో ముందుగా వచ్చి ఈ ఇంటిలో దిగియున్నవి.

శాకాహారం సంగతి చెప్పటానికి మాత్రం కొంత శ్రమ పడవలసి వచ్చినది. శాకాహారమంటే కూరలోనుండి మాంసపు ముక్కలు తీసివేసి వడ్డించటమని వంట చూచే ఆమె అనుకున్నది. ఆమె యజమానికి అక్క. మా ఆవిడ వంటింటిలోకి పోయి చేతులతోనే సంగతి బోధించి వచ్చిన తరువాత, మరి మాకు లోటు జరుగలేదు.

మరునాటి ఉదయం యజమాని ఇల్లు చూపినాడు. మోకాలి ఎత్తునుండి భుజం ఎత్తువరకు గోడలకు జెల్లీజ్ పని. ఫెజ్ మట్టితో చేసి, కాల్చి, రంగు పూసిన పలకలను ఉలితో చుక్కలుగా, ఆకులుగా, నక్షత్రాలుగా చెక్కి, ఆ ముక్కలను బోర్లించి పేర్చి, వెనుక గచ్చు పోసి పలకగా బిగిస్తారు. పేర్చే పనివానికి రంగు కనబడదు. వీపులు మాత్రమే కనబడతాయి. చిత్రమంతా వాని మనసులోనే ఉండవలెను. ఆపైన చెక్కిన సున్నపు పని. దానికి పైన అట్లాస్ కొండలనుండి తెచ్చిన దేవదారు. గదులు పొడవుగా, మిక్కిలి ఇరుకుగా ఉన్నవి. కారణమడిగితే దూలం పొడవును బట్టియే గది వెడల్పు అన్నాడు. వేసవిలో కాపురం కింది గదులలో, చలికాలంలో ఎండ తగిలే పై గదులలో.

"దీనిని రియాద్ అనవచ్చునా?" అని అడిగినాను. ఆయన నవ్వినాడు. "రియాద్ అంటే తోట ఉన్న ఇల్లు, ఉస్తాద్. ఒక్క చెట్టు తోట కాదు గదా! ఇది దార్, ఒట్టి ఇల్లు. కాని వచ్చేవారు రియాద్ కావాలంటారు. అందుచేత బల్లమీద అలాగే వ్రాయించినాను."

ఇంటి గోడల వెనుక నీటి కాలువలు ఉండేవట. నదిని ఊరి ఎగువనే చీల్చి, పల్లానికి పారించి, మసీదులకు, స్నానశాలలకు, వీధి కొళాయిలకు, కలిగినవారి ఇండ్లకు పంచేవారు. ఇప్పుడు మాత్రం ఆ ఇంటి ఫౌంటెనులో పడేది మనకు తెలిసిన గొట్టపు నీరే. ప్రతి పేటకు ఒక మసీదు, ఒక నీటితొట్టి, ఒక స్నానశాల, ఒక బడి, ఒక రొట్టెల కొలిమి ఉండవలెనని అక్కడి మర్యాద. ఇంటింట పిసికిన పిండిని పిల్లలు పలకమీద పెట్టుకుని కొలిమికి తీసుకుపోవటం నేను కళ్లారా చూచినాను. ఎవరి రొట్టె ఎవరిదో కొలిమివానికి గుర్తు. వీధికి అరుగు ఇవ్వని ఇండ్లు ఇవి అని నేను మొదట తప్పు పట్టినాను. అరుగు ఇవ్వలేదు గాని, నీటిని, నిప్పును కలిసి పంచుకున్నవారిని వీధితో మాట్లాడనివారని ఎట్లా అనగలము?

ఇంత ఇల్లు అతిథి గృహం ఎట్లా అయినదో రెండవనాటి రాత్రి తెలిసినది. ఆ కథ ఒక్క ఇంటిది కాదు. 1912 మార్చి 30న ఈ ఊరిలోనే జరిగిన ఒడంబడికతో మొరాకో ఫ్రెంచివారి రక్షణ కిందికి పోయినది. రాజధాని రబాత్‌కు తరలినది. ఫ్రెంచివారు పాత పట్టణాన్ని పడగొట్టలేదు. దానికి దూరంగా తమకొక కొత్త పట్టణం కట్టుకున్నారు. పాతది నిలిచినది, కాని సంపద దానిని విడిచిపోయినది. కలిగిన వర్తక కుటుంబాలు కొందరు కాసాబ్లాంకాకు, 1956లో స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మరికొందరు కొత్త పట్టణానికి పోయినారు. ఖాళీ అయిన పెద్ద ఇండ్లలో పల్లెలనుండి వచ్చిన బీదవారు గదికొక కాపురం చొప్పున అద్దెకు దిగినారు. ఒక్క సంసారానికి కట్టిన ఇల్లు పది సంసారాల బరువు మోసినది. ఇప్పటికీ ఎన్నో సందులలో ఎదురెదురు గోడలు ఒకదానిమీద ఒకటి పడకుండా అడ్డంగా దూలాలు బిగించి ఉండటం చూడవచ్చును.

"మా నాన్న పోయేనాటికి ఈ ఇంటిలో పైకప్పు కారుతున్నది" అన్నాడు యజమాని. "మేము ఏడుగురం తోబుట్టువులం. మా శాస్త్రం ప్రకారం కొడుకుకు ఎంత, కూతురికి ఎంత అని లెక్క ఉన్నది. భార్యకు ఎనిమిదవ వంతు. కాగితం మీద అంతా పంచుకున్నాము. కాని ఇంటిలో గోడ పెట్టబోతే ఎక్కడ పెట్టాలి? ఏ గదికి పోవాలన్నా నడిమి చోటు దాటవలసిందే. వెలుతురు అందులోనుంచే, గాలి అందులోనుంచే. అది ఎవరి వంతులోనూ పడలేదు. అందుచేత ఇల్లు నిలిచింది."

ఆ మాటకు నేను బదులు చెప్పలేకపోయినాను. కారణం ఆయనకు తెలియదు.

మాదీ గోదావరి సీమలో ఒక మండువా లోగిలి. మేము నలుగురం అన్నదమ్ములం. నాన్నగారు పోయిన తరువాత ఆ ఇంటిలో దీపం పెట్టేవారు లేక, అమ్మ మా నలుగురి ఇండ్లలో మూడేసి నెలల వంతున ఉంటూ వచ్చినది. పెంకులు కదిలినవి; వాసాలు పుచ్చినవి. 2004లో అమ్మివేసినాము. కొన్నవానికి కావలసినది ఇల్లు కాదు, స్థలమూ టేకూ. స్తంభాలను, తలుపులను ఊడదీసి లారీకి ఎత్తించినాడు. నేడు ఏ పట్నపు విందుశాలలో ఎవరి ఫొటోల వెనుక అవి నిలబడియున్నవో తెలియదు. డబ్బు నాలుగు సమభాగాలు చేసుకున్నాము; ఎవరికీ ఒక్క రూపాయి ఎక్కువ పోలేదు. ఆ రాత్రి అమ్మ అడిగిన మాట ఒక్కటే: "మండువా ఎవరి వాటాకి వచ్చిందిరా?" వయసు మీరి అడుగుతున్నదని మేము అనుకున్నాము.

ఫెజ్‌లో ఆ కుటుంబం మావలె చేయలేదు. తోబుట్టువులలో ఇద్దరు తమ వంతులు ఈయనకు అమ్మినారు. మిగిలినవారు వంతులు ఉంచుకుని రాబడిలో పాలు తీసుకుంటున్నారు. అప్పు చేసి, పాతపని తెలిసిన మేస్త్రీలను, జెల్లీజ్ పనివారిని పిలిపించి ఏండ్ల తరబడి బాగు చేయించినాడు. అక్క వంట చేస్తున్నది. మేనల్లుడు పెట్టెలు మోస్తున్నాడు. మమ్మల్ని తీసుకువచ్చిన కుర్రవాడు అతడే. ఇంతకంటె మంచి ముగింపు ఒక ఇంటికి ఏమి కావలెనని నేను ఆ రాత్రి అనుకున్నాను.

మూడవనాడు ఉదయం మేము తోలు ఊనే చోటు చూడ బయలుదేరినాము. రంగుల తొట్టెలు, సున్నం, పావురాల రెట్ట, ఆ వాసనకు ముక్కు దగ్గర పెట్టుకొమ్మని ఇచ్చే పుదీనా కొమ్మ, వీటిని గూర్చి చాలామంది వ్రాసినారు. మన పాత గ్రంథాలయాలలో మొరాకో తోలు అట్టలు చూచినవాణ్ణి గనుక నాకు ఆసక్తి ఎక్కువ. సగం దారిలో కళ్లజోడు మరచినానని తెలిసినది. మా ఆవిడను మేనల్లుడికి అప్పగించి ఒక్కణ్ణే వెనుకకు వచ్చినాను. తలుపు దగ్గరగా వేసి ఉన్నది. ఏ కడియమూ కొట్టకుండా తోసుకుని లోపలికి పోయినాను. నాలుగు రాత్రులకు డబ్బు చెల్లించినవాణ్ణి గదా!

రెండవ మలుపు తిరిగి ఆగిపోయినాను.

నారింజ చెట్టు కింద, తక్కువ ఎత్తు పీటమీద, ఒక వృద్ధురాలు కూర్చుని పచ్చి చిక్కుడు కాయలు ఒలుస్తున్నది. తలమీద వస్త్రం భుజాలకు జారి ఉన్నది. నెరసిన జుట్టు. కాళ్లు ఎండలోకి చాచుకున్నది. తనలో తాను ఏదో పదం పాడుకుంటున్నది. అతిథిగా నేను రెండు రోజులు తిరిగిన ఆ చోటు, ఆ క్షణంలో మాత్రమే నిజంగా ఒకరి ఇల్లుగా కనబడినది.

నా అడుగుల చప్పుడు విని ఆమె ఉలిక్కిపడి, వస్త్రం తలమీదికి లాక్కుని, గోడకు చేయి ఆనించి లేవబోయినది. నేను వెంటనే వెనుదిరిగి మలుపు చాటుకు పోయినాను. అక్కడ చీకటిలో నిలబడి, మన పల్లెల్లో మగవారు చేసినట్లే, ఒకసారి దగ్గినాను. పన్నెండు వందల ఏండ్లుగా ఈ ఊరివారు నడవను వంకరగా ఎందుకు కడుతున్నారో అప్పుడు నాకు తెలిసివచ్చినది. అది నావంటివాని కొరకే.

తరువాత యజమానిని అడిగితే ఆయన తల వంచుకుని చెప్పినాడు. "మా అమ్మ, ఉస్తాద్. పై అంతస్తులో ఆమెకు గది ఉన్నది. అతిథులు ఉన్నంతసేపు కిందికి రాదు. అందరూ ఊరు చూడ పోయిన తరువాత పది గంటలకు వస్తుంది. చెట్టుకు నీళ్లు పోస్తుంది. రెండు గంటలు కూర్చుంటుంది. ఎవరూ వద్దనలేదు. ఆమెకే ఇష్టం లేదు."

ఈ ఇంటి విచిత్రం అప్పుడు నాకు సంపూర్ణంగా తెలిసినది. రెండు కడియాలు, వంకర నడవ, కిటికీ లేని గోడ, అన్నీ ఇంటి ఆడవారు నడిమి చోటులో స్వేచ్ఛగా తిరగటానికి, పరాయివాడు వెలుపల ఉండటానికి ఏర్పడినవి. నేడు పరాయివాడు నడుమ కూర్చుని తేనీరు త్రాగుతున్నాడు. ఎవరికొరకు ఆ చోటును దాచినారో ఆమె మూడవ అంతస్తులో దాగియున్నది. ఇల్లు నిలిచినది. దానిని నిలిపిన బాడుగ ఆ నడిమి చోటుకే చెల్లిస్తున్నాము. ఎనిమిదవ వంతు గల ఆమెకు దినానికి రెండు గంటలు మిగిలినవి.

ఇది ఎవరి తప్పు అని నేను అనలేను. బాడుగ రాకపోతే కప్పు కూలేది. జెల్లీజ్ పనివానికి పని ఉండేది కాదు. ఇతర సందులలో దూలాల ఆసరాతో నిలిచిన గోడలు నేను చూచినాను. కొడుకును మెచ్చుకొనవలసిందే. అయినా ఆ పీట, ఆ చిక్కుడు కాయలు నా మనసును విడువలేదు.

ఆ సాయంకాలం ఇంటావిడ మా ఆవిడను పైకి పంపమని కబురు చేసినది. నన్ను పిలువలేదు, పిలువరాదు కూడ. నేను మిద్దెమీదికి పోయి కూర్చున్నాను. ఫెజ్ మిద్దెలు పూర్వం ఆడవారి రాజ్యం. ఇంటినుండి ఇంటికి మాటలు, వంటలు, పెండ్లి సంబంధాలు అక్కడినుండే నడిచేవట. పొద్దు వాలుతుండగా వందల పక్షులు ఊరిమీద సుడులు తిరిగినవి. ఒక మసీదునుండి మొదలైన ప్రార్థన పిలుపు మరొకదానికి అందుకుని, కడకు లోయ అంతా ఒకే ధ్వనిగా నిండినది.

మా ఆవిడ గంట తరువాత వచ్చినది. చేతులు నారింజ పూల వాసన వేస్తున్నవి.

"ఏమి మాట్లాడుకున్నారు?" అన్నాను.

"ఆవిడకు మన భాష రాదు, నాకు వాళ్ల భాష రాదు. అయినా బోలెడు మాట్లాడుకున్నాం. పెట్టె తీసి పెళ్లినాటి బట్టలు చూపించింది. నా మంగళసూత్రాలు పట్టుకుని చూసింది. ఎంతమంది పిల్లలని వేళ్లు లెక్కపెట్టి అడిగింది. నేను అత్తయ్యగారి ఫొటో చూపించాను." కాసేపు ఆగి, "ఆ గదిలో కిటికీ లోపలివైపుకే ఉందండీ. ఆవిడ మంచం అక్కడే వేసుకుంది. అందులోనుంచి చూస్తే చెట్టు, మనం కూర్చునే బల్ల, అంతా కనిపిస్తుంది. మూడు రోజులుగా మనల్ని చూస్తూనే ఉంది. మీరు చేత్తో అన్నం తినడం ఆవిడకు నచ్చిందట" అన్నది.

అత్తయ్యగారి ఫొటో అన్నదే, అది ఆ పాత ఇంటి మండువాలో తీసినది. వెనుక స్తంభం కనబడుతుంది.

నాలుగవనాడు మేము బయలుదేరే ముందు మా ఆవిడ ఒక పని చేసినది. ఉదయం ఫలహారం ముగించి, బల్లమీది గ్లాసులు తానే తీసి, "ఈ రెండు గంటలూ మనం గదిలో కూర్చుందాం. ఇవాళ ఎక్కడికీ పోయేది లేదని ఆవిడకు తెలియదు కదా; మనం ఇక్కడ ఉంటే పాపం దిగదు" అన్నది. గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాము. పది గంటలకు మెట్లమీద మెల్లని అడుగుల చప్పుడు, ఆ తరువాత నీళ్లు పోసిన చప్పుడు, కొంతసేపటికి ఆ కూనిరాగం వినబడినవి.

వెళ్లేటప్పుడు ఆమె తలకు వస్త్రం సర్దుకుని మెట్ల కింది మలుపు దాకా వచ్చినది. వెండి చిలకరింపుతో మా చేతులమీద పూలనీరు చల్లి ఒక మాట అన్నది. "ఈ ఇల్లు మీ ఇల్లే" అంటున్నదని కొడుకు చెప్పినాడు. ఆ దేశంలో అతిథికి అందరూ అనే మాటే అది. కాని ఆమె అన్నప్పుడు అది మర్యాదకు అన్న మాటగా నాకు తోచలేదు. మా ఆవిడ "వెళ్లొస్తామమ్మా" అని తెలుగులోనే అన్నది. వెళ్లటంలో రావటాన్ని కూడ కలిపి చెప్పే మన ఆచారం ఆమెకు ఎట్లా అర్థమైనదో గాని, తల ఊపినది.

ఇండ్లను గూర్చి ఇతరులకు బోధించే అర్హత నాకు లేదు. అమ్మకపు కాగితం మీద సంతకం పెట్టిన నలుగురిలో నేను ఒకణ్ణి. అమ్మిన ఇల్లు తిరిగి రాదు. అతిథులకు ఇచ్చిన ఇల్లు సగమైనా మిగులుతుంది. ఆ సగంలో ఎవరి సగం పోతున్నదో కూడ చూచుకొనవలెను. మన మండలాలలో ఇంకా అక్కడక్కడ మండువా లోగిళ్లు నిలిచియున్నవి. వాటిని పంచుకొనదలచిన అన్నదమ్ములు, అద్దెకు ఇయ్యదలచినవారు, బాగు చేయదలచినవారు, కొలతాడు తీసే ముందు తల్లిని పిలిచి, ఆ నడిమి చోటులో ఒక పీట వేసి కూర్చోబెట్టి, "అమ్మా, ఏమి చేద్దాం?" అని ఒక్కమాట అడిగితే బాగుండును. మేము అడుగలేదు.